ముందు మీ చేను సంగతి చెప్పండి

మావయ్యగారు పోయారని గురువారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు బందరులో మా షోరూం షట్టరు తీయిస్తున్నాను. "అక్కా, నాన్న వెళ్ళిపోయారు. కాఫీ తాగి పేపరు చదువుకుంటూ కుర్చీలోనే... అమ్మ టిఫిన్‌కి పిలిస్తే పలకలేదు" అంది. బాధేమైనా పడ్డారా అని అడిగాను. "లేదక్కా. కళ్ళజోడు కూడా జారలేదు" అంది.

ఏడుపొచ్చింది. దాని వెనకే ఇంకొకటి కూడా వచ్చింది. చెప్పుకోవడానికి మొదట సిగ్గుపడ్డాను కానీ, అది ఊరట. ఆయన బాధపడకుండా పోయారన్నది కొంత. ఆయనకు చెప్పాల్సిన మాట ఆయన బతికుండగానే చెప్పగలిగానన్నది మిగతాదంతా. ఆ మాటేమిటో మీకు తెలియాలంటే ముందు ఆయనెవరో చెప్పాలి.

ఆయన నాకు చుట్టం కాదు. గుడివాడలో ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, చేపల చెరువుల సామాను అమ్మే షాపులో ముప్పై ఏళ్ళకు పైగా సేల్స్ చూసిన మనిషి. షాపులో అందరికీ, కొనడానికొచ్చే రైతుల్లో సగం మందికీ ఆయన మావయ్యగారే. డిగ్రీ అయ్యాక నేను అక్కడ చేరితే, ఆయన దగ్గర పని నేర్చుకోమని మా ఓనరు గారు పంపారు.

నేను మిషన్ల పుస్తకాలన్నీ బట్టీ పట్టి సిద్ధంగా ఉన్నాను. ఆయన వాటి జోలికే వెళ్ళలేదు. షాపుకి ఎవరొచ్చినా ముందు ఫ్యాను కింద కూర్చోబెట్టేవారు, మంచినీళ్ళిచ్చేవారు, ఏ ఊరని అడిగేవారు. ఆ తర్వాత మాట ఎప్పుడూ ఒకటే. "ముందు మీ చేను సంగతి చెప్పండి." ఇక వినడమే. కాలవ నీళ్ళు ఎప్పుడొస్తాయి, మురుగు పోతుందా లేదా, గట్లు ఎంత వెడల్పు, మిషను చేలోకి దిగే దారి ఎటు? ఒక్కోసారి గంట గడిచినా మిషను పేరు ఎత్తేవారు కాదు. నాకు కాళ్ళు పీకేవి.

"మనం ఎప్పుడు చెప్తాం మావయ్యగారూ?" అని ఒకసారి అడిగేశాను.

"ఆయన అడిగినప్పుడు. వచ్చినాయనకి తన పొలం గురించి మనకన్నా ఎక్కువ తెలుసమ్మా. మిషను గురించి మనకి కాస్త ఎక్కువ తెలుసు. రెండూ కలిస్తేనే బేరం."

షోరూంలో కొత్తగా గాజు తలుపులు, నేలకు తెల్లటి పలకలు వేయించినప్పుడు కొందరు రైతులు బురద కాళ్ళతో లోపలికి రావడానికి మొహమాటపడి బయటే నిలబడేవాళ్ళు. మేము లోపలి నుంచి రండి రండి అని చేతులూపేవాళ్ళం. మావయ్యగారు బయటికి వెళ్ళి వాళ్ళ పక్కనే నిలబడి మాట మొదలుపెట్టేవారు. మాటల్లోనే ఎప్పుడో ఇద్దరూ లోపలికొచ్చేసేవారు. అడుగుల మచ్చలు తుడిచే ఆవిడ ఒకరోజు విసుక్కుంటే, "రేపట్నుంచి నేనూ తుడుస్తాలేమ్మా" అన్నారు. అన్నట్టే మర్నాడు తుడిచారు కూడా. ఆ తర్వాత ఆవిడ విసుక్కోలేదు.

ముదినేపల్లి నుంచి ఒక జంట ఏరేటర్ల కోసం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చెరువు నీళ్ళలోకి గాలి పట్టించే మిషన్లు అవి. నేను వాటి గురించి భర్తకే గడగడా చెబుతున్నాను. ఆయన తలూపుతున్నారు. ఆవిడ ఏదో అనబోయి రెండుసార్లు ఆగిపోయింది. మావయ్యగారు కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నారు.

"అమ్మా, తెల్లవారుజామున చెరువు దగ్గరికి వెళ్ళేదెవరు?"

"నేనేనండి. ఈయనకి లేచేసరికి ఏడవుతుంది."

"చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయా?"

"తూర్పు మూల ఒక్కచోటేనండి. మిగతా చెరువంతా బాగానే ఉంటది."

వాళ్ళు నాలుగు తీసుకుందామని వచ్చారు. మావయ్యగారు రెండిచ్చి, ఆ మూలకు దగ్గరగా పెట్టుకుని పదిహేను రోజులు చూడమన్నారు. చాలకపోతే అప్పుడు రమ్మన్నారు. వాళ్ళు వెళ్ళాక నావైపు తిరిగి, "ఆవిడ నోరు తెరవబోతే నువ్వు చూళ్ళేదు" అన్నారు. అంతే. అంతకంటే ఒక్క మాట కూడా కోప్పడలేదు. ఆ మాటే నాకు నాలుగు రోజులు సరిపోయింది.

మీరు ఏదైనా పెద్ద వస్తువు కొనడానికి వెళ్ళినప్పుడు, ఎదుటివాళ్ళు మీ మాట పూర్తికాకుండానే బదులు చెబుతుంటే ఎలా ఉంటుందో తెలుసుకదా. మావయ్యగారి దగ్గర ఎవరికీ అలా అనిపించేది కాదు. ఆయన దగ్గర మూడేళ్ళు పనిచేసి కూడా నేను ఆ తప్పే చేశాను. ఇంకా పెద్దదే చేశాను.

కోతలకు ముందు దివిసీమ నుంచి, కోడూరు దగ్గర పల్లె నుంచి ఒక రైతు వరికోత మిషను కోసం వచ్చాడు. సొంత చేలు కోసుకుని, చుట్టుపక్కల వాళ్ళ చేలకూ తిప్పుకోవాలని ఆయన ఆలోచన. మావయ్యగారు ఆ రోజు సెలవు. షాపులో ఉన్నది టైర్ల మిషను ఒక్కటే. తడి చేలో నడిచే చైను మిషను రావడానికి ఇంకో నెల పడుతుంది. నెలకు ఇన్ని అమ్మాలన్న నా లెక్కకు ఒకే ఒక్క మిషను తక్కువైంది.

"మా చేలు కోతల నాటికి కూడా తడిగానే ఉంటాయమ్మా. ఈ టైర్ల మిషను దిగబడదా?" అని ఆయన అడిగాడు.

"దిగబడదండీ. మీ వైపు చాలామంది ఇదే తిప్పుతున్నారు" అన్నాను. ఆయన వైపు ఎవరు ఏది తిప్పుతున్నారో నాకు తెలియదు. ఆయన నా ముఖంలోకి చూసి, "మావయ్యగారి షాపు కదా" అని నవ్వి తీసుకెళ్ళాడు.

కోతల్లో వానపడింది. మిషను పక్కవాళ్ళ చేలో ఇరుసుల దాకా దిగబడిపోయింది. మూడు ట్రాక్టర్లు కట్టి లాగారట. గట్టంతా జనం. మిషను మాట్లాడుకున్నవాళ్ళంతా వేరేవాళ్ళను పిలుచుకున్నారు. ఆయన మర్నాడే గుడివాడ వచ్చాడు. అరవలేదు. "మీ అమ్మాయి దిగబడదని చెప్పింది" అన్నాడు, షాపులో అందరి ముందూ.

ఓనరు గారు నావైపు చూశారు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఆయన తడి సంగతే చెప్పలేదండీ."

మావయ్యగారు లేచారు. "మా అమ్మాయి అబద్ధం చెప్పదండీ. మీరే చెప్పడం మర్చిపోయుంటారు" అన్నారు మర్యాదగానే.

"అంటే అబద్ధం నేను చెప్తున్నట్టా?" అన్నాడాయన. షాపులో అందరూ ఆయన వైపే చూశారు. తలుపు తనే తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ టైర్ల మిషను మెరక చేలవాళ్ళెవరికో ఇచ్చేసి, వేరే షాపులో చైను మిషను తీసుకున్నాడని తర్వాత తెలిసింది. మా షాపు గడప మళ్ళీ తొక్కలేదు.

ఆ తర్వాతి వారమే మావయ్యగారు ఒక కాగితం తయారు చేయించారు. కొనే రైతు తన చేను గురించి ఏం చెప్పాడో రాసి, కింద ఆయన చేత సంతకం పెట్టించుకోవాలి. ఆ కాగితం రైతు చేతికిచ్చేటప్పుడు మావయ్యగారి ముఖం చిన్నబోయేది. "ఏం చేస్తామమ్మా, మనుషులు మాట మార్చేస్తున్నారు" అన్నారు నాతో. ముప్పై ఏళ్ళు రైతు మాట విని మిషన్లు అమ్మిన మనిషికి ఆ అనుమానం నేర్పింది నేను.

నాలుగేళ్ళు గడిచాయి. ఆయన రిటైరయ్యారు. నేను బందరు బ్రాంచికి ఇన్‌చార్జినయ్యాను. "నా దగ్గర నేర్చుకున్న పిల్ల" అని ఆయన ఎవరికైనా చెబుతుంటే అక్కణ్ణించి లేచి వెళ్ళిపోవాలనిపించేది. మొన్న వేసవిలో ఆయనకు గుండె ఆపరేషన్ చేయాలని విజయవాడ తీసుకెళ్ళినప్పుడు, ఆ రెండు వారాలూ నాకు ఒకటే భయం. ఆయన నా అబద్ధాన్ని నిజమనుకునే వెళ్ళిపోతారేమోనని.

ఆయన ఇంటికొచ్చి కాస్త కోలుకున్నాక గుడివాడ వెళ్ళి చెప్పేశాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. ఆయన చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఆయన అడిగాడా?"

"అడిగారండీ."

"ఏమని అడిగాడు? ఆ మాటే చెప్పు."

చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. "నాలుగేళ్ళు ఆ మనిషిని అబద్ధాలకోరనుకున్నాను" అన్నారు. తర్వాత, "ఇప్పటికి వెళ్ళమ్మా" అన్నారు. ఎనిమిది రోజులు ఆయన దగ్గర్నుంచి ఫోన్ లేదు. నేనూ చేయలేదు. తొమ్మిదో రోజు ఆయనే చేశారు. "రేపు ఆదివారం. కోడూరు వెళ్దాం, కారు మాట్లాడు" అన్నారు. అంత దూరం ప్రయాణం వద్దని వాళ్ళమ్మాయి ఎంత చెప్పినా వినలేదు.

దారిలో ఒకే ఒక్క మాట అన్నారు. "నీ మాట నువ్వే చెప్పాలి. నా మాట నేను చెప్పుకుంటా."

కోడూరాయన మమ్మల్ని చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి కుర్చీలు లాగాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడింది. నేను చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా, నా లెక్కకు ఒక మిషను తక్కువైన సంగతితో సహా. మావయ్యగారు కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి, "మీరు నిజం చెప్పారు. నేను మిమ్మల్ని నమ్మలేదు. అది నా తప్పు" అన్నారు.

"కూర్చోండి, కూర్చోండి. ఒంట్లో బాలేనట్టుంది" అని కోడూరాయన కంగారుపడ్డాడు. తర్వాత నావైపు తిరిగాడు. గొంతులో కోపం అలాగే ఉంది. "మిషను దిగబడ్డం కాదమ్మా. వాన పడితే ఏ మిషనైనా దిగబడొచ్చు. ఆ రోజు అంతమందిలో నన్ను చూసిన చూపు... ఇంటికొస్తే మా ఆవిడ కూడా, నువ్వు సరిగ్గా అడిగావా లేదా అంది."

"అన్నాను, నిజమే" అంది ఆవిడ గుమ్మంలోంచి. అని, కళ్ళొత్తుకుంది.

"నన్నేం చేయమంటారండీ?" అని అడిగాను.

"ఆ షాపులోనే చెప్పండి. ఆ రోజు విన్నవాళ్ళకి."

సరేనన్నాను. ఆవిడ మజ్జిగ తెచ్చింది. మావయ్యగారు తాగుతూ, ఈసారి ఏ వరి వేశారని కోడూరాయన్ని అడిగారు. ఆయన క్లుప్తంగా చెప్పాడు. మావయ్యగారు మురుగు సంగతి అడిగారు. ఈసారి కొంచెం ఎక్కువ చెప్పాడు. మేము లేచేసరికి ఇద్దరూ పెరట్లో నిలబడి చైను మిషను చూస్తున్నారు.

సోమవారం గుడివాడ షాపులో అందర్నీ పిలిచి చెప్పాను. మావయ్యగారు పక్కనే కూర్చున్నారు. ఓనరు గారు కోప్పడ్డారు, కోప్పడాల్సిందే. బ్రాంచి బాధ్యత తీసి వేరేవాళ్ళకిచ్చారు. ఇవాళ నేను బందరులో మామూలు సేల్స్ మనిషిని. నమ్ముతారో లేదో, ఆ సాయంత్రం గుడివాడ బస్టాండులో బస్సు కోసం నిలబడితే వేరుశెనక్కాయల వాసన తగిలింది. చాలా ఏళ్ళ తర్వాత నాకు ఆకలేసినట్టనిపించింది.

మావయ్యగారు షాపు నుంచే కోడూరుకి ఫోన్ చేశారు. "చెప్పిందండీ, అందరి ముందూ" అన్నారు. ఫోన్ పెట్టేసి ఓనరు గారితో ఆ కాగితం సంగతి ఎత్తారు. "కాగితం ఉండనివ్వండి. రైతు ఏం అడిగాడో, మనం ఏం చెప్పామో రాద్దాం. సంతకం మాత్రం మనవాళ్ళు పెట్టి ఆయన చేతికివ్వాలి." ఇప్పుడు మా షాపుల్లో అలాగే ఇస్తున్నాం. సంతకం పెట్టేటప్పుడు నేను చెప్పినదంతా మనసులో ఒకసారి మళ్ళీ చదువుకుంటాను.

ఆ తర్వాత మావయ్యగారు ఇంకో నాలుగైదు నెలలే ఉన్నారు. కోడూరాయన వారానికోసారి ఫోన్ చేసేవాడట, వాన గురించి, పురుగు గురించి. మావయ్యగారు పోయిన రోజు కోతలు జోరుగా సాగుతున్నాయి. కోడూరాయన మిషను ఆపించి, భార్యను తీసుకుని గుడివాడ వచ్చాడు. నన్ను చూసి తలూపాడు. పాడె మోసినవాళ్ళలో ఆయన కూడా ఒకడు.

మావయ్యగారు అనగానే నాకు ఆ రోజు కళ్ళ ముందుకు రాదు. కోడూరు నుంచి తిరిగొస్తున్నప్పటి సాయంత్రం వస్తుంది. పులిగడ్డ దాటాక ఆయన కారాపమన్నారు. రోడ్డు పక్క కాలవ నిండుగా పారుతోంది, అవతల నాట్లు వేస్తున్నారు. "నీ మీద కోపం పోయిందని అననమ్మా. తగ్గుతుంది" అంటూ ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, రేవు మెట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టారు. నేను గట్టు మీదే నిలబడ్డాను. ఆయన కాసేపు నీళ్ళు చూసి, పక్కనున్న మెట్టును అరచేత్తో తుడిచి, "రా, చల్లగా ఉన్నాయి" అన్నారు.