నిదానపు సైకిల్ పందెం

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను ఆళ్లగడ్డలో బడి అయ్యవారిని. పెట్రోలు దొరక్క అప్పుడు బస్సులు బొగ్గు మీద నడిచేవి. దారిలో మిట్ట వచ్చిందంటే జనం దిగి తోయాల్సిందే. అలాంటి బస్సుతో పందెం వేసుకుని, సైకిల్ మీద దానికంటే ముందే నంద్యాల చేరేవాణ్ణి. చేరి, మీసం దువ్వుకుంటూ దానికోసం ఎదురుచూసేవాణ్ణి. ఆ బస్సును కాలినడకన పోయే ముసలాళ్లు కూడా దాటేస్తారని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదు.

ఆ గర్వంతోనే నంద్యాలలో జరిగే అయ్యవార్ల ఆటల పోటీల్లో సైకిల్ పందేనికి పేరిచ్చాను. మైదానం చుట్టూ తిరగాలి. అందరికంటే ముందున్నాను. ఇంతలో జనంలోంచి ఎవడో అరిచాడు: "ఏమప్పా, బొగ్గు బస్సు ఎనకాలే వస్తాంది, చూసుకో!"

అందరూ గొల్లుమన్నారు. నా చెవులు వేడెక్కాయి. "ఎవడ్రా అది?" అని వెనక్కి తిరిగి అరుస్తూ పోయి, శనక్కాయలమ్మే ఆమె గంపలో పడ్డాను. నేను లేచేలోగా పందెం అయిపోయింది. నా కోపం మాత్రం అయిపోలేదు. ఒంటినిండా పొట్టుతోనే వాడికోసం జనంలో వెతికాను.

మరుసటి ఏడు మా హెడ్మాస్టరు నన్నడక్కుండానే నా పేరు స్లో సైకిల్ పందేనికి రాసి పంపాడు. సున్నంతో గీసిన సన్నటి దారిలో కాలు మోపకుండా, గీత తొక్కకుండా పోవాలి. అందరికంటే ఆలస్యంగా అవతలికి చేరినవాడు గెలిచినట్టు.

"ఈ ఆటకు కాళ్లు కాదప్పా, బుద్ధి కుదురుగుండల్ల," అన్నాడాయన. "నీకిదే మందు."

మా బళ్లో తెలుగు పండితుడు అహోబిలం మనిషి. రోజూ తెల్లారేసరికి ప్రాణాయామం ముగించేవాడు. సలహా అడిగితే, "సైకిల్ మీద ఉన్నంతసేపూ నీ ఊపిరి చూసుకో," అని ఇంకా ఏదో చెప్పబోయాడు. అంతవరకు విని వచ్చేశాను. వచ్చి, ఊపిరి బిగబట్టి సైకిలెక్కాను. ముఖం ఉబ్బి, కళ్లు ముందుకొచ్చి, బడి గోడకు గుద్దుకున్నాక ఆయనే వచ్చి లేపాడు.

"చూసుకోమంటిని నాయనా, బిగబట్టుకోమన్లేదు."

మెల్లగా అది పట్టుబడింది. వచ్చేపోయే గాలిని గమనించుకుంటూ నిదానంగా తొక్కడం వచ్చింది. కానీ ఎవరైనా ఒక మాటంటే చాలు, నా కాలు నేలకు దిగేది, నోరు పైకి లేచేది. అందుకని నా భార్యను బతిమాలాను, నేను తొక్కుతుంటే పక్కన నిలబడి తిట్టమని.

"నేనా? మొగుణ్ణి తిట్టాల్నా?" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మొదట్లో సిగ్గుపడుతూ "పొట్టోడా" అనేది. నాకు నవ్వొచ్చేది. పోనుపోను సిగ్గు తీరిపోయింది.

"నిన్న సంగటి గట్టిగుందని మూతి ముడిస్తివే, మీ అమ్మ చేసింది గోడకేసి కొడితే గోడే పగుల్తాది!"

రెండు కాళ్లూ నేలకు దించాను. "మా అమ్మ జోలికి పోవద్దు!"

"కాలు పెట్టినావ్. మళ్లా ఎక్కు."

ఎక్కాను. నంద్యాలలో సినిమా చూపిస్తానని చూపించకపోవడం, నా పాట, నా గురక, మా మామ ముందు నా గొప్పలు, అన్నీ వరసగా బయటికొచ్చాయి. ఇన్నాళ్లూ ఇవన్నీ ఎక్కడ దాచుకుందో! సాయంత్రమైతే వీధిలోవాళ్లు చూడ్డానికి చేరేవాళ్లు. పక్కింటామె మా ఆవిడకు చెంబుతో నీళ్లిచ్చి, "గొంతు తడుపుకోని మళ్లా తిట్టుమా," అనేది. నాకు కడుపులో మంట లేచి గొంతుదాకా వచ్చేది. దాన్ని కూడా ఊపిరిలాగే చూస్తూ ఉంటే, కాసేపటికి తనంతట తానే దిగిపోయేది. ఇక నేను మునినైపోయానని నమ్మాను. పండితుడి దగ్గరికి పోయి, మనసు నిగ్రహించడం ఎలాగో ఆయనకే బోధించి వచ్చాను.

పోటీనాడు మా ఆవిడ కూడా నంద్యాల వచ్చి ఆడవాళ్లలో కూర్చుంది. ఈల వేశారు. గడివేముల నుంచి వచ్చిన కుర్ర అయ్యవారు ఒకాయన తూకం తప్పి, కంగారులో తొక్కేసి, కాలు మోపకుండానే రివ్వుమని అవతల తేలాడు. జనం ఒకటే నవ్వు. మిగతావాళ్లు ఒక్కొక్కరే కాలు పెట్టి బయటికి పోయారు. చివరికి నేనూ, నంద్యాల డ్రాయింగు మాస్టరూ మిగిలాం. ఆయన భారీ మనిషి. సైకిల్ మీద గుమ్మడికాయ పెట్టినట్టు కదలకుండా కూర్చున్నాడు.

"ఏమప్పా బొగ్గు బస్సూ, బొగ్గయిపోయిందా?" అని కేకలు వచ్చాయి. మా ఇంటి తిట్లు తిన్నవాడికి అవి దోమల రొద. ఊపిరి చూసుకుంటూ అంగుళం అంగుళం జరిగాను. పక్కన డ్రాయింగు మాస్టరు ఒక్కసారి ఊగి కాలు పెట్టేశాడు.

ఇక నాకు ఎదురు లేదు. చివరి గీత నా ముందుచక్రానికి జానెడు దూరంలో ఉంది. అది దాటితే చాలు.

అప్పుడు ఆడవాళ్లలోంచి మా ఆవిడ లేచి నిలబడి అరిచింది: "శబాష్! నా బంగారు మొగుడివప్పా నువ్వు!"

తిట్లకైతే సిద్ధంగా ఉన్నాను. పెళ్లయినప్పటినుంచీ ఆమె నోట అలాంటి మాట నేను విననే లేదు. ఒళ్లంతా పొంగింది. అటు తిరిగి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ కాలు కింద పెట్టాను.

కాలు మోపకుండా గీత దాటినవాడు గడివేముల అయ్యవారు ఒక్కడే కాబట్టి బహుమతి ఆయనకే ఇచ్చారు. అందరికంటే వేగంగా పోయి నిదానపు పందెం గెలిచాడు. "నాకెందుకు సార్?" అని పాపం ఇత్తడి చెంబు పట్టుకుని అందర్నీ అడుగుతూ తిరిగాడు.

జనం వెళ్లిపోయాక మైదానంలో మా ఆవిడా నేనూ మిగిలాం. సంజాయిషీ ఎలా చెప్పాలా అని నేను చూస్తున్నాను. ఆమె సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, చీర బిగించి కట్టుకుంది.

"నేనెక్కుతా, పట్టుకో."

సీటు పట్టుకుని వెనకాల పరుగెత్తాను. "హ్యాండిలు బిగబట్టొద్దు! కింద చూడొద్దు! భయపడొద్దు, మనసు కుదురుగా..."

"నువ్వు నోరు మూసుకోని రాప్పా," అంది. ఆయాసపడుతూ, నా ఊపిరి చూసుకుంటూ వెనకాలే పరుగెత్తాను.