ఏడికెల్లి షురువైంది?

మా నల్లగొండ దవాఖానలో రోగాల రిజిస్టరు రాసే గుమాస్తాకు ఒకటే మాట: "గదంత సరే, ఏడికెల్లి షురువైంది?" పక్క బల్ల దగ్గర నేను తుమ్మినా అదే అడిగేవాడు. "ముక్కుకెల్లి" అనేవాణ్ని. నవ్వేవాడు కాదు. రోగం మొదలైన చోటు తెలియందే ఆయన రిజిస్టరులో నంబరు వేయడు.

ఒకరోజు హాలియా వైపు నుంచి తెచ్చిన గొర్రెలకాపరి చనిపోయాడు. డాక్టరు కోసి చూస్తే మెదడులో చీముగడ్డ. ఊరి పటేలు వచ్చి గుమాస్తాతో, "మూర్ఛ అని రాయి చాలు. గా మూర్ఛ గీ ముసల్ది చేసిన బాణామతే, దీని సంగతి ఊళ్లె మేం చూస్తం" అన్నాడు.

ఆ ముసలమ్మ, చనిపోయినవాడి మేనత్త, వరండాలో ఓ మూలకు ఒదిగి కూర్చుంది. ఆమెకు నిజంగా మంత్రాలే వస్తే ముందు పటేలు మీసాలు రాలేవి.

గుమాస్తా ఆమెనే అడిగాడు. "అవ్వా, ఏడికెల్లి షురువైంది?"

"చెవుకెల్లి బిడ్డా. ఏడాది సంది సీము కారుతుండె."

డాక్టరు కూడా అవునన్నాక గుమాస్తా రాశాడు: చెవిలోని చీము మెదడుకు పాకి గడ్డకట్టింది.

"కొట్టెయ్!" పటేలు బల్ల గుద్దాడు. సిరాబుడ్డి ఎగిరింది. గుమాస్తా ఎగరలేదు.

"కొట్టెయ్య, పటేలా."

నకలు రాసి, ముద్ర వేసి, అవ్వ చేతిలో పెట్టాడు.

"ఎవడన్న బాణామతి అంటె గిది సూపెట్టు. అయినా ఇనకపోతె నా కాడికి తోలు. గా మాట ఏడికెల్లి షురువైందో అడుగుత."