పాఠం కోసం పలాస దాకా

విశాఖలో ఉదయం ఆరుకి పలాస పాసింజరు ఎక్కాం, నేనూ మా అమ్మాయి సింధూ. పదకొండేళ్ళ పిల్లకి బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. ఒక విషయం తీసుకుని మూడు నెలలపాటు సైన్సు, లెక్కలు, భాష అన్నీ దాని చుట్టూనే చెప్పడం మా పద్ధతి. యూనిట్ స్టడీ అంటారు. ఈ ఏడు అగ్నిపర్వతాలు తీసుకున్నాం, రెండో వారానికే సింధు ఆవలించింది. గ్రహాలు తీసుకున్నాం, వాటికీ అదే మర్యాద. "ఈ మూడోది కూడా మధ్యలో ఆగిపోతే జూన్‌లో బళ్ళో వేసేద్దాం," అన్నాడు మా ఆయన. ఆ మాటలో తప్పేం లేదు, అందుకే నాకు గుబులు.

ఈసారి కళ్ళతో చూసి ఎంచుకుందామని మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నాను. సంచిలో మూడు ఫైళ్ళు: జీడి, పక్షులు, సముద్రం. వాటిలో ప్రశ్నలూ నేనే రాశాను, జవాబులూ నేనే రాశాను.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఇడ్లీ తిన్నాం. ఎదురు సీట్లో జలంత్రకోట కొబ్బరి రైతు ఒకాయన. "బడికెల్లవా పాపా?" అని అడిగాడు. ఇంట్లోనే చదువుతానంది సింధు. "మరి మేస్టారెవులు?" అంటే నన్ను చూపించింది. ఆయన నా ఫైళ్ళ వంక ఓసారి చూసి, సింధుకేసి తిరిగి "అయ్యో పాపం" అన్నాడు.

పదిన్నరకి పలాసలో దిగి, స్టేషన్ దగ్గరే లాడ్జిలో గది తీసుకున్నాం. మామూలు గదే, నీళ్ళు బాగా వచ్చాయి. లాడ్జి ఆయన చెబితే మధ్యాహ్నం ఒక జీడి షెడ్డుకి వెళ్ళాం. ఆవిరిలో ఉడికిన జీడిపిక్కల్ని ఆడవాళ్ళు ఒక్కొక్కటీ కత్తి కింద పెట్టి, కాలితో మీట తొక్కి పగలగొడుతున్నారు. పెంకులోంచి కారే జిగురునూనెనీ జీడి అనే అంటారు, అది ఒంటికి తగిలితే పొక్కిపోతుంది. అందుకని కొందరు చేతులకి ఆముదం రాసుకున్నారు, కొందరు బూడిద.

అప్పలనరసమ్మ అనే పెద్దావిడ చేతులకి బూడిద ఉంది. నేను ఊరుకుంటానా? "చూశావా సింధూ, జీడిలో ఆమ్లం, బూడిదలో క్షారం. ఒకదాన్నొకటి విరిచేస్తాయి," అని మొదలెట్టాను.

అప్పలనరసమ్మ నవ్వింది. "ఏటోనమ్మా! బూడిదేటీ ఆపదు. పిక్క జారకుండా రాత్తాం. సెయ్యి కాపాడీది ఆవదమే. అది రాత్తే జారిపోద్ది, పని సాగదు. నా యేళ్ళు సూడు!"

వేళ్ళు నల్లగా, పగుళ్ళు పట్టి ఉన్నాయి. అయినా నేను తగ్గలేదు, సైన్సు ప్రకారం నాదే సరి అన్నాను. సింధు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది, ఏమీ అడగలేదు. వచ్చేటప్పుడు మాత్రం ఆవిడ దగ్గర బూడిద పొట్లం కట్టించుకుని, పక్కావిడ దగ్గర చిన్న సీసాలో ఆముదం పోయించుకుంది. పిల్లల సరదా అనుకున్నాను. ఫైల్లో "ఆసక్తి లేదు" అని రాసుకున్నాను.

రెండో రోజు ఎనిమిదింటి బస్సుకి టెక్కలి, గంట లోపే. అక్కణ్ణుంచి ఆటోలో తేలినీలాపురం. పెరటి చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. కింద ఇళ్ళ కప్పులు రెట్టలతో తెల్లబడ్డాయి, అక్కడివాళ్ళకి అదేం పట్టలేదు. వెళ్ళేవాళ్ళు డిసెంబరు, జనవరిల్లో వెళ్ళండి, టోపీ పెట్టుకోండి. అరగంట సేపు పక్షుల వలస గురించి చెప్పాను. సింధు స్వెట్టరు మీదనుంచి చెయ్యి గోక్కుంటోంది. "కదలకుండా విను," అన్నాను. దోమలా అంటే ఊఁ అంది. ఎండ ముదిరినా స్వెట్టరు మాత్రం విప్పలేదు.

మూడో రోజు గది ఖాళీ చేసి, ఏడింటికి ఆటోలో పూండి మీదుగా వజ్రపుకొత్తూరు వైపు బయల్దేరాం. దారి పొడుగునా జీడితోటలు, కొబ్బరితోటలు, ఆ తర్వాత సముద్రం. పడవలు అప్పుడే ఒడ్డుకొచ్చాయి. గురమ్మ అనే ఆవిడ ఇసుకలో కూర్చుని చేపలు ఏరుతోంది. మంచి చోటు దొరికిందని నేను మూడో ఫైలు తీశాను. సింధు నీళ్ళలోకి దిగుతూ స్వెట్టరు చేతులు పైకి లాక్కుంది.

"ఓలమ్మో! పిల్ల సేతికి జీడి కొట్టీసింది!" గురమ్మ లేచి పరిగెత్తింది.

నేనూ ఫైలు పడేసి పరిగెత్తాను. ముంజేతి మీద నీలం పెన్నుతో గీసిన మూడు సున్నాలు, కింద ఒకటి, రెండు, మూడు అని అంకెలు. మొదటి రెండింట్లోనూ నీటిపొక్కులు. మూడోది కాస్త ఎర్రబడిందంతే.

"ఏంటే ఇది?"

"షెడ్డులోంచి పెంకులు తెచ్చుకుని మొన్న రాత్రి మూడు చోట్లా రుద్దుకున్నాను. ఒకటి ఉత్త చర్మం, రెండు బూడిద, మూడు ఆముదం. నువ్వూ ఆవిడా చెరో మాటా చెప్పారు. ఎవరిది నిజమో తెలియాలి కదా."

"నొప్పిగా లేదూ?"

"ఉంది. చెబితే కడిగించేస్తావు."

కొట్టేద్దామన్నంత కోపం, ఏడుపు, రెండూ కలిసొచ్చాయి. గురమ్మ బిందెలో నీళ్ళతో మెల్లిగా కడిగి, కొబ్బరినూనె రాసి, నావైపు తిరిగింది. "సదువు సెప్పీ తల్లివి, పిల్ల సెయ్యేటయిందో సూసుకోవా?" సిగ్గేసింది.

పూండిలో డాక్టరుకి చూపించి కట్టు కట్టించాను. భయం లేదు, వారంలో మానిపోతుందన్నాడు. మూడింటికి విశాఖ పాసింజరు దొరికింది. నౌపడ దాటాక మా ఆయన ఫోను. చేతి సంగతి దాచకుండా చెప్పాను. చెడామడా తిట్టాడు, పడ్డాను. చివర్న "ఇంతకీ ఏది ఎంచుకున్నారు?" అన్నాడు. "అది ఎంచుకుంది. జీడి," అన్నాను.

కోటబొమ్మాళిలో సింధు నోటుపుస్తకం నా చేతికిచ్చింది. మూడు సున్నాలు, రెండు రోజుల గుర్తులు, కింద ఒక వాక్యం: "అమ్మ చెప్పింది తప్పు, అప్పలనరసమ్మ గారు చెప్పింది సరి కావచ్చు."

"కావచ్చు ఏమిటి? ఆవిడ వేళ్ళే చెబుతున్నాయిగా," అన్నాను.

"ఒక్క చెయ్యేగా చూశాను. అందరి చర్మం ఒకలా ఉండదేమో. ఇంకో చెయ్యి కావాలి." పెన్సిలు డబ్బా తెరిచింది. పొట్లం, సీసా, రెండు పెంకులు. నావైపే చూస్తోంది.

రెండేళ్ళలో చదువు కోసం అది నన్ను ఏదైనా కావాలని అడగడం ఇదే మొదలు. హరిశ్చంద్రపురం వచ్చేలోగా బోలెడు సాకులు ఆలోచించాను, ఒక్కటీ నోటిదాకా రాలేదు. చుడీదారు చెయ్యి పైకి మడిచి చాపాను. పెన్ను చక్కిలిగింత పెట్టి చెయ్యి వెనక్కి లాక్కోబోయాను.

"కదలకమ్మా," అని కసిరింది సింధు.