దరఖాస్తులో బాపును చంపిన కథ

నేను మా బాపును చంపాను. కంగారు పడకండి, ఆయన ఇప్పుడు వరండాలో కూర్చుని పల్లీలు తింటున్నాడు. కానీ రెండు పేజీల ఇంగ్లిషులో, ఒక విదేశీ యూనివర్సిటీ సాక్షిగా, నేను ఆయన్ని చంపిన మాట మాత్రం నిజం.

గోదావరిఖనిలో బీటెక్ అయిపోయిన ఏడాది అది. ఫీజు లేకుండా, హాస్టల్ కూడా వాళ్లే ఇచ్చి పేదపిల్లల్ని చదివించే యూనివర్సిటీ ఒకటి దొరికింది. మాలాంటివాళ్లు విదేశం పోవడానికి అదొక్కటే దారి. దరఖాస్తులో చివరి ప్రశ్న: మీ జీవితంలో అతి పెద్ద కష్టం ఏమిటి?

ఎంత వెతికినా పనికొచ్చే కష్టం దొరకలేదు. కంపెనీ క్వార్టర్ ఉంది, కరెంటు ఉంది, జ్వరమొస్తే దవాఖాన ఉంది. బాపు పొద్దున షిఫ్టుకు బొగ్గుగనిలోకి, మా మాటలో బాయిలోకి, దిగుతాడు, ఎక్కి వస్తాడు, తిని పడుకుంటాడు. ఇదీ ఒక కష్టమేనా? అందుకని, పక్క గదిలో ఆయన గురక వింటూనే, బొగ్గుబాయి పైకప్పు కూల్చి ఆయన మీద వేశాను. ముందు చిన్న చిటపట, తర్వాత దుమ్ము, చివరికి బయటికి కనబడే ఒక్క బూటు. రాస్తూ రాస్తూ నేనే ఏడ్చాను. అంత బాగా కుదిరింది.

నెల తిరక్కుండా మెయిల్ వచ్చింది. మొదటి వాక్యంలో సీటు ఇస్తున్నామని ఉంది. రెండో వాక్యం చదివే ఓపిక ఎవరికుంటుంది, మీరే చెప్పండి. ప్రింటు తీయించి బాపు చేతిలో పెట్టాను. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, వీసా అడగకముందే సూట్‌కేసు కొనడానికి మర్నాడు మంచిర్యాల బయలుదేరాను. బాపు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, తోటివాళ్లకు చూపించుకుందామని డ్యూటీకి తీసుకుపోయాడు.

అక్కడి ఆఫీసు క్లర్కు అందరి ముందూ దాన్ని గట్టిగా చదివి తెలుగులో చెప్పాడట. సీటు అనగానే చప్పట్లు కొట్టారట. తర్వాతి వాక్యం, గనిలో మరణించిన మీ తండ్రిగారికి మా సంతాపం. ఆ తర్వాతిది, పది రోజుల్లో మరణ ధ్రువీకరణ పత్రం పంపగలరు.

కొత్త సూట్‌కేసుతో నేనొచ్చేసరికి బాపు బూట్లు కూడా విప్పకుండా గడపలో కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

“నన్ను ఎట్ల సంపినవ్ బిడ్డా?” అని అడిగాడు.

చెప్పాను. చిటపట, దుమ్ము, బూటు.

“అది నా సావు కాదు, పోశంది. ఆ బూటు పట్టి గుంజింది నేనే. నీకు జెప్పింది గూడ నేనే.”

పోశం నాకు కాక, అంటే చిన్నాన్న వరస; ఆయనా బాపూ పాతికేళ్లు ఒకే బాయిలో కలిసి పనిచేశారు. అంతకు ముందేడు బాయి పైకప్పు కూలి కాక చనిపోయాడు. నాతో చదువుతున్న ఆయన కూతురు కాలేజీ మానేసి, తండ్రికి బదులుగా కంపెనీ ఇచ్చిన ఉద్యోగంలో చేరింది. దరఖాస్తు పెట్టుకునే తీరిక ఆమెకు లేదు. ఆమె కష్టం మాత్రం నాకు అక్కరకొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

“వాళ్లడిగిన సర్టిఫికెట్ మనింట్ల లేదు,” అన్నాడు బాపు. “ఆ పిల్ల దగ్గర ఉన్నది. పోయి అడుగుతవా?”

అడగలేదు. యూనివర్సిటీకి నిజం రాశాను. సీటు వెనక్కి తీసుకున్నారు, సంతాపం మాత్రం తీసుకోలేదు. సూట్‌కేసులో అమ్మ కందిపప్పు పోసింది.

ఇప్పుడు మా కాలనీ పిల్లల విదేశీ దరఖాస్తులన్నీ నేనే దగ్గరుండి నింపిస్తాను. మొదటిది పోశం కాక కూతురిదే. కష్టం అన్నచోట ఆమె రెండు లైన్లు రాసింది. నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

బాపు మాత్రం రోజూ డ్యూటీకి పోతూ గుమ్మంలో ఆగుతాడు. “ఏమన్న రాసేదుంటే, నేనొచ్చినంక రాయి బిడ్డా.”

అందుకే పోచమ్మ తల్లి మీద ఒట్టు, ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పేదాకా నేను పెన్ను ముట్టను. ఇది కూడా, ఆయన పల్లీలు తింటున్నాడని రెండుసార్లు తొంగిచూశాకే మొదలుపెట్టాను.