బూట్లు విప్పి కొట్టిన గోలు

2011 ఆగస్టు 6, శనివారం. శంషాబాద్‌లో ఒక టీ హోటల్. ఉన్నవారు: నేను, హోటల్ యజమాని యూసుఫ్ గారు, నన్ను తీసుకొచ్చిన ఆటో డ్రైవర్ మల్లేశ్.

విమానానికి ఇంకా మూడు గంటలుంది. నాది విశాఖ అనగానే యూసుఫ్ గారి ముఖం వెలిగింది. "వయసుల ఉన్నప్పుడు హైదరాబాదు జట్టుల మీ ఊర్ల ఫుట్‌బాల్ ఆడిన సాబ్. మీ ఊరి క్లబ్బు మీద ఆఖరి గోల్ నాదే. వానకు బూట్లు జారుతున్నయని ఇడిసేసి ఒట్టి కాళ్లతోని కొట్టిన."

"మళ్ల షురూ జేసిండు! చిచ్చా, ఆ గోల్ నువ్వు దప్ప ఎవలు జూసిండ్రు?" అన్నాడు మల్లేశ్.

యూసుఫ్ గారు నవ్వారు గానీ, గ్లాసు తుడవడం ఆపేశారు. "నాతోని ఆడినోళ్లు ఒక్కలు గూడ లేరు సాబ్. ఇగ ఎవలు జెప్తరు?"

మా క్లబ్బు ఆటలన్నీ చూసి డైరీలో రాసుకున్నవాణ్ణి నేను. ఆయన ఫోన్ నంబరు తీసుకున్నాను.

మర్నాడు ఉదయం ఇంట్లో పాత డైరీ వెతికి, ఆయనకు ఫోన్ చేసి చదివాను: "వాన. హైదరాబాదు జట్టులో ఒకతను బూట్లు విప్పేసి ఆఖరి గోలు కొట్టాడు. మనం ఓడాం. అతని పేరు తెలియలేదు."

"జర ఆగుండ్రి సాబ్, స్పీకర్ పెడ్త. అరే మల్లేశ్, ఇటు రా! ఇగ మళ్ల సదువుండ్రి."

మా క్లబ్బు ఓడిన సంగతిని ఈసారి ఆయన పేరు కలిపి, గట్టిగా చదివాను.