రెండు అరల సిలిండర్

షెడ్డులో ఉన్నవి ఇవి: బానెట్ తెరిచిన నల్ల కారు, స్పానర్లు, నూనె గుడ్డ, కొత్త రబ్బర్లు వేయించిన పాత బ్రేకు సిలిండర్, నేను. చేతికంటిన బ్రేక్ ఆయిల్ వాసన కడిగినా పోవడం లేదు. ఆ వాసనతో పాటు నాకెప్పుడూ విమల టీచర్ గొంతు వినిపిస్తుంది.

రేపు హైదరాబాద్‌లో పాత కార్ల ప్రదర్శన. బళ్లు సొంతంగా నడిచి రావాలి. ప్రతి భాగమూ కారు తయారైనప్పటి రకానిదే అయి ఉండాలి. అలా లేని భాగానికి మార్కులుండవు. ఈ కారులో అలా కానిది ఒక్కటే, ఇప్పుడు బిగించి ఉన్న రెండు అరల బ్రేకు సిలిండర్. దాన్ని తీసి, బల్ల మీదున్న ఒకే అర సిలిండర్ పెడితే బహుమతికి అడ్డేమీ ఉండదు. గంట పని కూడా కాదు. అయినా మధ్యాహ్నం నుంచి స్పానర్ పట్టుకుని నిలబడే ఉన్నాను.

కారు టీచర్ వాళ్ల నాన్నది. నెల్లికుదురు వైపు భూములున్న కుటుంబం వాళ్లది. ఆమె జనగామలో లెక్కలు చెప్పేవారు. మాది మహబూబాబాద్ దగ్గర తండా. డిప్లొమా చదివే రోజుల్లో ఆమె ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆదివారాలు ఇద్దరం కారు ముందు కూర్చునేవాళ్లం. ఏ భాగం మీద చెయ్యి వేసినా ముందు అది అక్కడ ఎందుకుందో నాతో చెప్పించేవారు. చెప్పలేకపోతే ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒకసారి తలుపు అద్దం దించే పిడి విరిగితే, దాని బదులు ప్లాస్టిక్‌ది తెచ్చి పెట్టాను.

"ఏందిర ఇది?"

"గట్టిగనే ఉంటది మేడం."

"నీ పన్ను ఊడితే సుద్దముక్క పెట్టుకుంటవా? తీసెయ్. నాయిన తెచ్చిననాడు ఎట్లుండెనో గట్లనే ఉండాలె." బానెట్ తుడుస్తూ మెల్లగా అన్నారు, "ఒక్కపారి హైదరాబాద్‌ల నిలబెట్టాలె దీన్ని. ప్రైజ్ ఇచ్చేటప్పుడు మైకుల నాయిన పేరు చదువుతుంటే వినాలె."

ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఒకనాడు భూపాలపల్లి గని క్వార్టర్లలో ఉండే వాళ్ల చెల్లెలికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. బస్సులు లేవు. కారులోనే వెళ్లి, మర్నాడు పొద్దున తిరిగి బయలుదేరాం. నడుపుతున్నది ఆమె. ఒక ఊరి దగ్గర దిగుడులో, రోడ్డుకు అడ్డంగా వంటా వార్పూ కనిపించింది. మూడు రాళ్ల పొయ్యిలు, గంజి పొంగుతున్న గుండిగలు, తారు మీదే బంతి కూర్చున్న జనం. ప్రత్యేక రాష్ట్రం కోసం అప్పట్లో ఊళ్లన్నీ అలా రోడ్డు మీదే వండుకు తినేవి.

"రవీ, పెడల్ నేలకు పోయింది," అన్నారామె. గొంతు మారలేదు.

గేర్లు ఒక్కొక్కటే దించారు. చేతి బ్రేకు నేను లాగాను. అయినా బండి జారుతూనే ఉంది. ఇస్తరాకులు పంచుతున్న ఒక అవ్వ మాకు వీపు పెట్టి వంగి ఉంది. ఆమె వీపు తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు. టీచర్ స్టీరింగ్ ఎడమకు తిప్పి, రోడ్డు పక్కనున్న వరిగడ్డి కుప్పలోకి కారును దూర్చారు.

ఒక యువకుడు పరిగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా, మా మీదికే తోల్తున్నవా? బందని తెల్వదా?"

"నాకు తెల్సు బిడ్డా. బ్రేకుకే తెల్వలె."

వాడు నవ్వాడు. అవ్వ మాత్రం నవ్వలేదు. టీచర్ చెయ్యి పట్టుకుని బంతిలో కూర్చోబెట్టి, "పరేషాన్ గాకు బిడ్డా. జర బువ్వ తిను, పానం నిమ్మళమైతది," అంది. టీచర్ ముద్ద ఎత్తారు. అవ్వ వంగిన వీపు వైపు చూసి మళ్లీ ఆకులో పెట్టేశారు. నోటిదాకా ఒక్క ముద్దా వెళ్లలేదు.

వెనక చక్రానికి బ్రేక్ ఆయిల్ తీసుకెళ్లే గొట్టం చిట్లింది. సిలిండర్‌కు ఒకే అర కాబట్టి ఆయిల్ అంతా అటే పోయి, నాలుగు చక్రాలకూ బ్రేకు లేకుండా అయింది. జనగామ వచ్చాక ఆమె రెండు అరల సిలిండర్ తెప్పించారు. అందులో ఒక అర ఖాళీ అయినా రెండోది కారును ఆపుతుంది.

"గొట్టం మారిస్తే సరిపోతది గద మేడం. ఇది మన కారుది కాదు. మీరే కద పిడి గూడ మార్చనియ్యలె."

"పిడి ఇరిగితే నా చెయ్యి కోసుకుపోతది, అంతే. గా అవ్వకు నా పట్టుతోని ఏం పని? నాయిన కారు నాయిన కారు లెక్కనే ఉండాలన్నది నా సంబురం. దానికి ఆమె నడుము ఇరగాల్నా?" పాతదాన్ని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. "నేను పోయినంక నీ ఇష్టం."

పోయినేడు ఆమె పోయారు. చెల్లెలు కారు తాళాలు నాకిచ్చారు. బాగుచేయించిన పాత సిలిండర్‌ను నేనే మూడుసార్లు పరీక్షించాను, చుక్క కారలేదు. మైకులో ఆ పేరు వినాలని నాకూ ఉంది. కానీ ఆ పొద్దున భూపాలపల్లిలో బయలుదేరినప్పుడూ చుక్క కారలేదు. రేపటి దారి నిండా బస్టాపులు, బడి పిల్లలు.

స్పానర్ పక్కన పెట్టాను. బానెట్ మూశాను.

ఈ పై మాటలు రాసి వారమైంది. ప్రదర్శనలో తనిఖీకి వచ్చిన పెద్దాయన బానెట్ కింద చాలాసేపు చూశారు. "అంతా అసలుదే ఉంచారు. ఇదొక్కటీ ఎందుకు మార్చలేదు?" అన్నారు.

"రోడ్డు మీద మనుషులుంటరు సార్," అన్నాను.

ఇప్పుడు నేను ఇంజినీరుగా పనిచేసే ఆఫీసులో ఏ యంత్రం డ్రాయింగు ముందు పెట్టినా, అది చెడిపోతే ఎదురుగా ఎవరుంటారని ముందు అడుగుతాను. విసుక్కునేవాళ్లున్నారు. టీచర్ దగ్గర నేర్చినవాటిలో మానలేనిది ఇదే.

ఆ రోజు ప్రదర్శనలో పెద్దాయన నా మాటకు తల ఊపి, మార్కులు వేసుకుంటూ ముందుకు కదిలారు. బ్రేకులకు సున్నా.