ఖాసిం భాయ్ వేలి లెక్క

ఖాసిం భాయ్ మనుషులను పేర్లతో గుర్తుపెట్టుకోడు. ఎవరెక్కితే తన నావ ఎన్ని వేళ్ళ మందం మునుగుతుందో, అదే వాళ్ళ పేరు, ఊరు, గోత్రం!

డెబ్బై నాలుగు ప్రాంతంలో ఖానాపూర్ దగ్గరి గోదావరి రేవులో ఆయన నావ నడిచేది. నావ పక్కకు తెల్లరంగుతో ఒక గీత. నీళ్ళు ఆ గీతను ముట్టాయంటే ఇక బ్రహ్మదేవుడొచ్చినా ఎక్కించడు. ఓసారి పెండ్లివారంతా ఎక్కేసరికి గీత కాస్తా మునిగింది. "ఒక అర వేలు దిగాలె," అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఖాసిం భాయ్ అందరినీ పారజూసి, సరిగ్గా అర వేలున్న మనిషిని భుజం పట్టి దింపేశాడు. తీరా చూస్తే ఆయనే పెండ్లికొడుకు!

"అరె, లగ్గం టైమాయె!" అని మొత్తుకున్నారు.

"ఫికర్ చెయ్యకుండ్రి. మీరు పోయి పందిట్ల కూసోండ్రి, పిలగాడు రెండో ఖేపుల వస్తడు. ఆయన లేనిది లగ్గమెట్లయితది?"

కిషన్‌రావు పటేల్ మాత్రం నిండు వేలు. ఆయనకేమో గొడుగేసుకుని ముందు కొనన దర్జాగా కూర్చోవాలని సరదా.

"నడుమకు రాండ్రి పటేలా. మీరు ముంగట కూసుంటే నావ ముక్కుతోని నీళ్ళు తాగుతది."

"నేను గంత బరువున్ననా?"

"తోబ తోబ! మీరు నావకు బునియాద్, పునాది లెక్క. బరువు నడుమ, అడుగున ఉంటెనే నావ నిలబడ్తది. మీదికైతే బోర్ల పడ్తది."

బునియాద్ అనిపించుకున్న పటేల్ మీసం దువ్వుకుంటూ వచ్చి అడుగుచెక్క మీద చతికిలబడ్డాడు.

అవతలి ఒడ్డు బడిలో సైన్సు చెప్పే సుదర్శన్‌రావు సారుది రోజూ ఇదే నావ. గాలికి ఎగిరిపోయేటట్టుండే బక్కమనిషి. ఒకనాడు ఎగతాళికి అడిగారు: "నావ ఎందుకు తేలుతదో ఎరుకేనా ఖాసిం భాయ్?"

"ఎంత బరువేస్తె అంత బరువు నీళ్ళను పక్కకు నెడ్తది సార్. కడుపు వెడల్పుంటే జర్రంత దిగితె సాలు. సన్న కడుపుదైతే గదే బరువుకు ఇంక లోతుకు దిగాలె."

పదో తరగతిలో సగంమంది రాయలేని జవాబు! సారు మళ్ళీ ఎగతాళి చేస్తే ఒట్టు.

సీతాఫలాలమ్మే కిష్టవ్వ ఆ యేడే మొగుణ్ణి పోగొట్టుకుంది. గంపతో నావెక్కేది, నానాటికీ పుల్లలా అయిపోసాగింది. ఎవరైనా పిడికెడు పెట్టబోతే, "నేనేమన్న బిచ్చమెత్తుతున్ననా?" అని కస్సుమనేది. చెయ్యి చాపడం ఆమె ఇంటావంటా లేదు.

ఒక పొద్దున ఖాసిం భాయ్ నావ కదిలించలేదు. గీతవైపు వంగి చూసి పెదవి విరిచాడు.

"అక్కా, నువ్వు పావు వేలుండాలె. తక్కువైనవు. నీ దిక్కు నావ లేస్తున్నది."

"అయితే?"

"అయితే అటు దిక్కు ఒరుగుతది. గీళ్ళందరి పానం నీ చేతుల ఉన్నది." మూట విప్పి, భార్య వజీరున్నీసా కాల్చిచ్చిన జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం ఆమె ముందు పెట్టాడు.

"నాకెందుకు?"

"నీకెవరిచ్చిండ్రు? నావకు బరువేస్తున్న."

పటేల్‌కు పైప్రాణాలు పైనే పోయాయి. "తిను తల్లీ, మమ్ముల ముంచుతవా ఏంది!"

కిష్టవ్వ తిన్నది. ఆనాటి నుంచి రోజూ అదే తంతు. పది రోజులు చూసి సారు ఖాసిం భాయ్‌ని రేవులో పక్కకు పిలిచారు.

"రొట్టెలు నీ మూటల ఉన్నా, అవ్వ కడుపుల ఉన్నా నావకు బరువొక్కటే గదా?"

ఖాసిం భాయ్ పరేషానయ్యాడు. "నేను గీత యాడ చూసిన సార్? ఆమె మొఖం చూసిన. జర ఎవరికి చెప్పకుండ్రి. తెలిస్తే రేపటి సంది ముద్ద ముట్టది."

సారుకు ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

మర్నాడే వచ్చిపడింది గండం. రొట్టె తుంచబోతూ కిష్టవ్వ ఆగింది. "సారూ, సదువుకున్నోనివి, నువ్వు చెప్పు. నేను తినకుంటె నావ ఒరుగుతదా? నిజమేనా?"

నావలోని వాళ్ళంతా సారువైపు తిరిగారు. ఖాసిం భాయ్ నావ తోసే గడ ఆపేశాడు. ఇరవై ఏళ్ళుగా తప్పు జవాబుకు సున్నా వేసిన సారు గొంతు సవరించుకున్నారు.

"నిజమే అవ్వా. పుస్తకంల గట్లనే ఉన్నది. పెద్ద పాఠమే ఉన్నది."

కిష్టవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది. రొట్టె సగం తుంచి, కారం అద్ది ఆయన చేతిలో పెట్టింది.

"మరి నీ దిక్కు నాకంటె ఎక్కువ లేస్తుండొచ్చు. తిను సారూ. మునిగితె అందరు నా మీదికి వస్తరు."

సారు మారుమాటాడకుండా తిన్నారు. వెనక ఖాసిం భాయ్ నవ్వాపుకోలేక గడ నీళ్ళలో జారవిడుచుకున్నాడు.